కారు అలారం ఊరికే మోగుతోందా? డోర్ లాక్ పడట్లేదా? లోపం పట్టుకోవడం ఇలా

దొంగ లేడు, దగ్గర్లో పిల్లి కూడా లేదు. అయినా కారు అరుస్తూనే ఉంది. ఇలా రెండు మూడు సార్లు జరిగితే చాలు, అలారం పాడైందని తేల్చేసి కొత్తది బిగించుకోవడానికి బయల్దేరతాం. నిజానికి ఎక్కువసార్లు అలారం బాగానే ఉంటుంది, దానికి అందే కబురే తప్పు. మూసి ఉన్న డోరును తెరిచారని ఏదో ఒక స్విచ్ చెబుతుంటుంది. లాక్ వేసిన వెంటనే మళ్లీ ఊడిపోవడానికి కూడా కొన్నిసార్లు అదే స్విచ్ కారణం. అందుకే అలారాన్నీ డోర్ లాక్‌నీ వేర్వేరు సమస్యలుగా చూడకండి.

ముందు మోత ఆపండి

రిమోట్‌తో అన్‌లాక్ చేయండి. వినకపోతే తాళం చెవితో డోర్ తెరిచి ఇగ్నిషన్ ఆన్ చేయండి. చాలా కార్లలో అంతటితో సైరన్ ఆగిపోతుంది. తాళం చెవితో తెరవగానే మోత ఇంకా పెరిగినా కంగారు పడొద్దు, కొన్ని కార్లు అలాగే చేస్తాయి. బటన్ స్టార్ట్ ఉన్న కారైతే స్మార్ట్ కీ లోపల దాచిన చిన్న తాళం చెవి ఉంటుంది, దాన్ని లాగి తీయండి. లోపలికెళ్లాక చాలా మోడళ్లలో కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే సెల్ అయిపోయినా కారు గుర్తుపడుతుంది. అలా గుర్తుపట్టకపోతే కీని ఎక్కడ పెట్టాలో మాన్యువల్లో చూడండి.

ఏదీ పనిచేయకపోతే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయడమే దారి. అయితే కొన్ని సైరన్లకు సొంత బ్యాటరీ ఉంటుంది. మీరు టెర్మినల్ తీయగానే ఎవరో వైరు కోశారనుకుని అవి ఇంకా గట్టిగా అరుస్తాయి. కంపెనీది కాకుండా బయట షాపులో బిగించిన అలారమైతే అలాంటి సైరన్ ఒంటి మీదే చిన్న తాళం రంధ్రం ఉంటుంది, దాని తాళం చెవి అలారం కొన్న పెట్టెలో ఇచ్చే ఉంటారు.

పానా పట్టుకునే ముందు

మోత ఆగాక ఒక్క అయిదు నిమిషాలు కారును గమనించండి. లాక్‌ను రిమోట్‌తో, తాళం చెవితో, డ్రైవర్ పక్కనున్న లాక్ బటన్‌తో వేసి చూడండి. బటన్‌తో అన్ని డోర్లూ పడుతూ రిమోట్‌తో పడకపోతే లోపం రిమోట్ వైపు ఉంది. దేనితోనూ ఏ డోరూ కదలకపోతే ఫ్యూజ్, బ్యాటరీ చూడాలి. మూడు డోర్లు పడి ఒకటే మొరాయిస్తే లోపం ఆ డోర్లోనో, దానికి వెళ్లే వైర్లోనో ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

కొన్ని అసలు లోపాలే కావు. రిమోట్‌తో అన్‌లాక్ చేసి అర నిమిషంలోపు ఏ డోరూ తెరవకపోతే చాలా కార్లు తమంతట తామే మళ్లీ లాక్ వేసుకుంటాయి. మొదటి నొక్కుకు డ్రైవర్ డోర్ ఒక్కటే తెరుచుకోవడం సెట్టింగ్. వెనక డోర్ బయట నుంచి వస్తూ లోపలి నుంచి రాకపోతే డోర్ అంచున ఉన్న చైల్డ్ లాక్ చూడండి. స్మార్ట్ కీ సీటు మీద మరిచిపోతే లాక్ వేయడానికి కారే ఒప్పుకోదు.

రిమోట్, బ్యాటరీ, ఫ్యూజ్

రెండో కీ ఉంటే మొదట దానితో ప్రయత్నించండి. అది బాగా పనిచేస్తే సమస్య మొదటి రిమోట్‌దే. ఇంతకు ముందు దూరం నుంచే పలికిన కారు ఇప్పుడు డోర్ దగ్గరికి వెళ్తే గానీ పలకడం లేదంటే సెల్ అయిపోవచ్చిందని అర్థం. ఎక్కువ రిమోట్లలో సీఆర్2032 లాంటి 3 వోల్టుల బటన్ సెల్ ఉంటుంది. పాత సెల్ మీద ఉన్న నంబరే కొనండి, ప్లస్ గుర్తు ఎటు ఉందో చూసుకుని అలాగే పెట్టండి. తీసిన సెల్ పిల్లలకు అందనివ్వకండి, మింగితే ప్రాణాల మీదికి వస్తుంది. సెల్ మార్చాక కొన్ని రిమోట్లను కారుతో మళ్లీ కలపాలి, ఆ పద్ధతి కారు మాన్యువల్లో ఉంటుంది. ఒకే ఒక్క చోట మాత్రమే రిమోట్ పనిచేయకపోతే దాన్ని అనుమానించకండి. అక్కడ వేరే రేడియో సిగ్నల్ అడ్డం పడుతుండొచ్చు.

కారు బ్యాటరీని రాత్రంతా వదిలేసి ఉదయం మల్టీమీటర్‌తో కొలవండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. బలహీనమైన బ్యాటరీతో లాక్ సగం పడి ఆగుతుంది, అలారం కూడా పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. కొన్ని పాత అలారాలు వోల్టేజ్ కాస్త పడగానే ఎవరో డోర్ తెరిచి లోపలి లైట్ వెలిగించారనుకుంటాయి. ఇంజన్ ఆపాక రేడియేటర్ ఫ్యాన్ తిరిగినా మోగేది అందుకే. టెర్మినల్స్ మీద తెల్లగానో పచ్చగానో పూత పట్టి ఉంటే శుభ్రం చేసి గట్టిగా బిగించండి.

ఫ్యూజ్ మూత వెనకాలో మాన్యువల్లోనో డోర్ లాక్ ఫ్యూజ్ ఏదో రాసి ఉంటుంది. కాలిపోతే అదే ఆంపియర్ది పెట్టండి. అది కూడా వెంటనే కాలిపోతే వైరు ఎక్కడో షార్ట్ అవుతోంది. పెద్ద ఫ్యూజో తీగ ముక్కో పెట్టి నెట్టుకొచ్చే పని మాత్రం చేయొద్దు, వైరింగ్ అంటుకుంటుంది.

అలారానికి తప్పు కబురు చెబుతున్నది ఏది?

నేనైతే మొదట బానెట్ స్విచ్‌నే పట్టుకుంటాను. వాన నీళ్లు, దుమ్ము, ఇంజన్ వేడి అన్నీ భరించేది అదే కాబట్టి తుప్పు కూడా దానికే ముందు పడుతుంది. విడిగా ఉండే చిన్న పిన్ను రకమైతే వేలితో నొక్కి వదలండి, చటుక్కున పైకి లేవాలి. బద్ధకంగా లేస్తుంటే శుభ్రం చేయండి లేదా మార్చండి. బానెట్ లాక్‌లోనే స్విచ్ కలిసి ఉంటే లాక్‌ను శుభ్రం చేసి గ్రీజు పెట్టి చూడాలి. బానెట్ సరిగ్గా కూర్చోకపోయినా పిన్ను పూర్తిగా నొక్కుకోదు. ఒకే వైరు వచ్చే పిన్ను స్విచ్ అయితే సాధారణంగా ఆ వైరు తీస్తే బానెట్ మూసి ఉన్నట్టే లెక్క. రాత్రికి ఆ వైరు తీసి, లోహానికి తగలకుండా టేపు చుట్టి ఉంచండి. ఆ రాత్రి ప్రశాంతంగా గడిస్తే దొంగ దొరికినట్టే. రెండు వైర్ల స్విచ్‌తో ఈ చిట్కా చేయొద్దు, కొన్ని కార్లు దాన్ని తెరిచి ఉన్నట్టుగా తీసుకుంటాయి.

తర్వాత డోర్లు. ఈ పని చీకట్లో చేస్తే తేలిక. లోపలి లైట్ స్విచ్‌ను డోర్ స్థానంలో పెట్టి, అన్ని డోర్లూ మూసి, లైట్ పూర్తిగా ఆరిపోయేదాకా ఆగండి. ఇప్పుడు ఒక్కో డోర్‌నూ అరచేత్తో లోపలికి నొక్కి వదలండి, హ్యాండిల్ కదలకుండా అంచు పట్టుకుని కొంచెం బయటికి లాగండి. ఏ డోర్ దగ్గర లైట్ ఒక్క క్షణం మినుకుమన్నా ఆ డోర్ స్విచ్‌దే తప్పు. ఇగ్నిషన్ ఆన్ చేసి మీటర్లో డోర్ గుర్తు చూస్తూ కూడా ఇదే చేయొచ్చు, కాకపోతే అద్దంలోంచి చూడటానికి ఇంకొకరు కావాలి. డిక్కీని కూడా మరిచిపోవద్దు. కొత్త కార్లలో ఈ స్విచ్ డోర్ లాక్ యంత్రం లోపలే ఉంటుంది. ముందు లాక్ నోట్లో పేరుకున్న పాత గ్రీజు, మట్టి తుడిచి తెల్ల లిథియం గ్రీజు కొద్దిగా రాసి, డోర్‌ను పది సార్లు వేసి తీయండి. చాలాసార్లు కొత్తది కొనే పని తప్పుతుంది. తాళం రంధ్రంలో మాత్రం గ్రీజు వద్దు, గ్రాఫైట్ పొడి చాలు.

స్విచ్‌లన్నీ బాగుంటే సెన్సర్లు మిగులుతాయి. కారు లోపలి కదలికను కనిపెట్టే సెన్సర్ ఉంటే, కొంచెం దించి ఉన్న అద్దంలోంచి వచ్చే గాలి, అద్దానికి వేలాడదీసిన బొమ్మ కూడా అలారాన్ని లేపుతాయి. బయట బిగించిన అలారాల్లో కుదుపును కనిపెట్టే షాక్ సెన్సర్‌కు చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కాస్త తగ్గించండి. పక్కనుంచి లారీ వెళ్తే మోగకూడదు, అద్దం మీద పిడికిలితో కొడితే మోగాలి. అంతవరకే తగ్గించండి.

ఒక్క డోర్ లాకే పడకపోతే

డోర్ తెరిచి, డోర్‌కూ బాడీకీ మధ్య ముడతలు ముడతలుగా ఉన్న రబ్బరు గొట్టం చూడండి. వైర్లన్నీ అందులోంచే డోర్‌లోకి వెళ్తాయి. తెరిచి మూసిన ప్రతిసారీ వంగి వంగి, పైన ప్లాస్టిక్ బాగానే కనిపిస్తున్నా లోపల రాగి తెగిపోతుంది. ఒకరు లాక్ బటన్ నొక్కుతుంటే మీరు ఆ గొట్టాన్ని అటూ ఇటూ వంచండి. ఒక వంపులో లాక్ పనిచేసి ఇంకో వంపులో ఆగితే వైరు తెగినట్టే. కాస్త పొడవైన కొత్త వైరు ముక్క వేసి సోల్డర్ చేసి స్లీవ్ తొడగాలి. ఊరికే మెలిపెట్టి టేపు చుడితే అక్కడే మళ్లీ తెగుతుంది.

వైరు బాగుంటే లాక్ మోటర్ వంతు. చెవి డోర్‌కు ఆనించి వినండి. గుర్రుమంటూ తిరుగుతున్న చప్పుడు వస్తూ లాక్ కదలకపోతే లోపల ప్లాస్టిక్ పళ్లు అరిగాయి. చప్పుడే లేకపోతే కరెంటు రావట్లేదు లేదా మోటర్ కాలిపోయింది. అది తేలాలంటే డోర్ ప్యాడ్ విప్పాలి. మీ కారుకు సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉంటే డోర్‌లో వాటి సెన్సర్ ఉండొచ్చు. పసుపు రంగు కప్లర్లు, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్లు ముట్టుకోవద్దు, ఏ కప్లరైనా విప్పి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు. మోటర్‌కు వెళ్లే రెండు వైర్ల మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి లాక్ నొక్కించండి. కరెంటు ఒక్క క్షణమే వస్తుంది కాబట్టి మల్టీమీటర్ దాన్ని పట్టుకోలేకపోవచ్చు. ల్యాంప్ మెరిసినా మోటర్ కదలకపోతే మోటర్ మార్చాలి. విప్పినప్పుడే డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు పూడుకుపోయాయేమో చూసి పుల్లతో తీసేయండి. లేకపోతే డోర్‌లో చేరిన తేమ కొత్త మోటర్‌నూ తినేస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా అన్ని డోర్లూ తమంతట తామే లాక్ పడుతూ ఊడుతూ ఉంటే, మొదట డ్రైవర్ డోర్ లాక్‌లోని స్విచ్‌ను అనుమానించండి. ఎక్కువ కార్లలో మిగతా డోర్లన్నీ దాని మాటే వింటాయి. ఆ పైన మిగిలింది లాక్‌లనూ లైట్లనూ నడిపే కంట్రోల్ యూనిట్, అంటే బీసీఎం. ఇది ఆటో ఎలక్ట్రీషియన్ పని. ఇంజన్ లోపాల కోడ్‌లు మాత్రమే చదివే చవక స్కానర్‌తో ప్రయోజనం లేదు, లాక్‌లు, లైట్ల లోపాలు చెప్పే బాడీ కోడ్‌లు కూడా చదివేది ఉందా అని ముందే అడగండి. మీరు చేసిన పరీక్షల్లో ఏది ఎలా వచ్చిందో చెబితే అతనికి సగం పని తగ్గుతుంది. బీసీఎం మార్చాల్సి వస్తే దాన్ని కారుకు ప్రోగ్రామ్ చేయాలి. కీలు కూడా మళ్లీ నమోదు చేయాల్సి రావచ్చు కాబట్టి ఇంట్లో ఉన్న రెండో కీ కూడా వెంట పట్టుకెళ్లండి.