ఇంటర్ అయ్యాక వచ్చే వేసవిలో ఇంజినీరింగ్ కాలేజీకి ఎలా సిద్ధం కావాలి?

ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు మార్చిలో అయిపోతాయి. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలు, అంటే తెలంగాణలో ఎప్‌సెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్, మే నెలలో జరుగుతాయి. సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి జూన్ చివరో, జూలై మొదటి వారమో అవుతుంది. పరీక్షకూ కౌన్సెలింగ్‌కూ మధ్య దొరికే వారాలను చాలా ఇళ్లలో ర్యాంకు కోసం ఎదురుచూడటానికే ఖర్చు చేస్తారు. తర్వాత రెండు రోజుల హడావుడిలో నాలుగేళ్ల చదువును తేల్చేస్తారు. ఏటా ఆప్షన్ల సమయంలో, అంటే కోరుకున్న కాలేజీలూ బ్రాంచీల జాబితా ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు, పిల్లలూ తల్లిదండ్రులూ నా దగ్గరికి వస్తుంటారు. ఆ జాబితా వరుసలో అందరూ చేసే తప్పు ఒక్కటే కాబట్టి దాని గురించే ఎక్కువగా చెబుతాను. మిగతావి క్లుప్తంగా ముగిస్తాను.

ముందుగా కాగితాలు

ఇవి ఏప్రిల్‌లోనే సిద్ధం చేసుకోవాలి. పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోరేవారికి ఆదాయ ధ్రువీకరణ పత్రం తప్పనిసరి. అది ఆ ఏడాది జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ జారీ అయినదై ఉండాలి, పాతది చెల్లదు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రం కూడా ఆ ఏటిదే కావాలి. ఏడో తరగతి ఒక్కటీ వేరే ఊళ్లో చదివి ఉంటే ఆ బడికి ఇప్పుడే వెళ్లండి. వేసవి సెలవులు మొదలైతే జూన్ రెండో వారం దాకా బడి తలుపులు తెరుచుకోవు.

చదువు

కోచింగ్ పేరుతో మళ్లీ ఎక్కడా చేరవద్దు. రోజుకు రెండు గంటలు చాలు. మాత్రికలు, అవకలన సమీకరణాలు మరిచిపోకుండా చూసుకోండి. మొదటి ఏడాది గణితం వాటి మీదే నడుస్తుంది. సీ భాషలో చిన్న ప్రోగ్రాములు రాయండి. ముందు కాగితం మీద, తర్వాతే కంప్యూటర్‌లో. నేరుగా కంప్యూటర్‌లో రాస్తే తప్పును యంత్రం చూపించేస్తుంది, కాగితం మీద మీరే వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే ప్రోగ్రామింగ్ వస్తుంది. తెలుగు మాధ్యమం నుంచి వెళ్లేవారు రోజుకు ఒక పేజీ ఇంగ్లిషు పాఠాన్ని పైకి చదివి, సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాస్తే తరగతిలో బెరుకు చాలావరకు తగ్గుతుంది.

కాలేజీలు చూడటం

వెళ్లి చూడాలి. వెబ్‌సైట్‌లోని ఫొటోలు, బస్సుల వెనక ప్రకటనలు దేనికీ పనికిరావు. కాలేజీ నడుస్తున్న రోజున వెళ్లి, బయట టీ బండి దగ్గర రెండో ఏడాది విద్యార్థులను మాట్లాడించండి. ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్ దగ్గర ఎంతమంది కూర్చుంటారు, మొదటి సెమిస్టర్‌లో మధ్యలో వెళ్లిపోయిన అధ్యాపకులు ఎంతమంది అని అడగండి. చదువు నాణ్యతను పరిశీలించి ఇచ్చే గుర్తింపులు రెండున్నాయి: న్యాక్ గుర్తింపు మొత్తం సంస్థకు ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి ఇస్తారు. మీరు చేరబోయే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా అన్నదే అసలు ప్రశ్న.

వెబ్ ఆప్షన్లు

ఇక్కడ తొందరపడవద్దు. ముందుగా సీట్ల కేటాయింపు ఎలా జరుగుతుందో తెలియాలి. ర్యాంకుల వరుసలో మీ వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. మీకు అర్హత ఉన్న సీటు ఎక్కడ మొదట ఖాళీగా కనిపిస్తే అక్కడ ఆగిపోతుంది. ఆ కింద మీరు ఏం రాసుకున్నా ఇక చూడదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ర్యాంకు 20,000. మొదటి అయిదు ఆప్షన్లు నగరంలోని పెద్ద కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్. అవి రావని తెలిసీ పెట్టారు. అందులో నష్టమేమీ లేదు. ఆరోది ఇంటికి దగ్గరని పెట్టిన కాలేజీ, నిరుడు అక్కడ సీటు వచ్చిన ఆఖరి ర్యాంకు 70,000. ఏడో స్థానంలో నిజంగా కోరుకున్న కాలేజీ, ఆఖరి ర్యాంకు 26,000. సీటు ఆరోదాంట్లోనే వస్తుంది. ఏడోది అందుబాటులో ఉండి కూడా చేజారుతుంది. ర్యాంకు తక్కువై కాదు, వరుస తప్పడం వల్ల.

కాబట్టి వరుసను ఇష్టాన్ని బట్టి రాయాలి, వచ్చే అవకాశాన్ని బట్టి కాదు. ప్రతి రెండు ఆప్షన్ల మధ్యా ఒకటే ప్రశ్న వేసుకోండి: రెండూ ఇస్తామంటే ఏది తీసుకుంటాను? అదే పైన ఉండాలి. నాలుగో ఆప్షన్‌కీ అయిదో ఆప్షన్‌కీ మధ్య కూడా ఇదే ప్రశ్న.

జాబితా రాయడానికి పొడుగాటి నోటుపుస్తకం, పెన్సిలు వాడండి. ఫోనులో రాయకూడదు. చిన్న తెరమీద వరుస మొత్తం ఒక్కసారిగా కంటికి ఆనదు. గత రెండేళ్ల ఆఖరి ర్యాంకుల జాబితాలో మీ కేటగిరీ, అబ్బాయిలకో అమ్మాయిలకో ఉన్న గడి మాత్రమే చూడండి. పక్క గడి చూసి మోసపోయేవారు ఏటా ఉంటారు. మీ ర్యాంకులో సగం దగ్గర ముగిసిన కాలేజీల నుంచి, మీ ర్యాంకుకు రెట్టింపు దగ్గర ముగిసిన వాటి దాకా రాసుకోండి. 20,000 ర్యాంకుకు 10,000 నుంచి 40,000 వరకన్నమాట. ఆప్షన్లు ఎన్ని పెట్టినా అదనపు రుసుము లేదు. పది పెట్టి సరిపెట్టుకునేవారికి ఒక్కోసారి ఏ సీటూ రాదు. అయితే చేరడం ఇష్టం లేని కాలేజీని అంకె నిండటం కోసం పెట్టవద్దు.

ఇంకో మాట. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరి చేతికీ ఇవ్వవద్దు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్న కుర్రాడికైనా, ఇంటికి వచ్చి ఉచితంగా ఆప్షన్లు పెట్టిస్తామనే కాలేజీ పీఆర్వోకైనా ఇవ్వకూడదు. తమ కాలేజీని మొదట పెట్టించడానికే పీఆర్వోలు ఇల్లిల్లూ తిరుగుతారు. డబ్బు తీసుకునే కన్సల్టెన్సీల దగ్గర ఉండేదీ అందరికీ దొరికే ఆ ఆఖరి ర్యాంకుల జాబితానే. మీ అమ్మాయి ఇష్టం వాళ్లకు తెలియదు, మీకు తెలుసు.

నోటుపుస్తకంలోని వరుసను ఒకరు చదువుతుండగా మరొకరు ఎక్కించండి. కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ రెండూ సరిచూడండి. పేర్లు ఒకేలా ఉండే కాలేజీలు చాలా ఉన్నాయి. సేవ్ చేశాక ప్రింటు తీసి, నోటుపుస్తకంతో మళ్లీ పోల్చండి. ఫ్రీజ్ చేయడం, అంటే జాబితాను ఖరారు చేయడం, ఆ తర్వాతే. తెలంగాణలో 2025లో మాక్ (నమూనా) కేటాయింపు కూడా తెచ్చారు. అది జరిగితే అందులో వచ్చిన సీటు చూసుకొని, వరుసలో తప్పుంటే దిద్దుకోండి.

సీటు వచ్చాక

గడువులోగా ఫీజు కట్టాల్సి ఉంటే కట్టి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే సీటు తీసుకుంటున్నట్టు మీరే నమోదు చేయాలి. చేయకపోతే సీటు రద్దవుతుంది. రెండో విడతకు వెళ్లేవారు ఇప్పుడు చేతిలో ఉన్న సీటుకంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టాలి. కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది, ఎంత బతిమాలినా తిరిగి రాదు. చేతిలో ఉన్నదే నచ్చితే రెండో విడత జోలికి వెళ్లకుండా, చెప్పిన తేదీకి ఆ కాలేజీలో చేరండి. టీసీ అక్కడ ఇచ్చే ముందు అన్ని పత్రాలకూ అయిదేసి జిరాక్సులు తీసి పెట్టుకోండి.