చెన్నైలో వానలకు ముందు సామాను స్టోరేజ్‌లో పెడుతున్నారా?

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ అసలు వానాకాలం, అందుకే తాళం వేసే ముందు ఇవి చూసుకోండి.

గ్రౌండ్ ఫ్లోర్ గది వద్దు. 2015 డిసెంబర్‌లో వేళచ్చేరి, ముడిచ్చూర్ వైపు ఇళ్లలోకే నీళ్లొచ్చాయి, కాబట్టి అద్దె కాస్త ఎక్కువైనా పై అంతస్తే తీసుకోండి.

ఇంటి పత్రాలు, సర్టిఫికెట్లు వెంటే ఉంచుకోండి, తడిస్తే మళ్లీ తెచ్చుకోవడం పెద్ద టెన్షన్.

ఫ్రిజ్‌ను ముందే ఆపి, లోపలంతా పొడిగా తుడిచి, తలుపు పూర్తిగా మూసుకోకుండా మధ్యలో ఓ గుడ్డ మడిచి పెట్టండి, లేకపోతే రబ్బరు అంచు మడతల్లో నల్లగా బూజు పట్టి ఆ వాసన ఓ పట్టాన వదలదు.

పుస్తకాలు చిన్న అట్టపెట్టెల్లోనే. పెద్దదాంట్లో నింపితే ఎత్తగానే అడుగు ఊడుతుంది.

పెట్టెలో ఏముందో పక్కన రాయండి, పైన రాస్తే దొంతర్లో కనపడదు.

మధ్యలో మనిషి నడిచేంత దారి వదలండి.