గేటు కారుకు తగిలితే ముందు ఫుటేజీ అడగండి

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆటోమేటిక్ గేటు మీ కారుకు తగిలిందా? సెక్యూరిటీతో వాదన తర్వాత. ముందు సీసీటీవీ ఫుటేజీ తీసి పెట్టమని మేనేజ్‌మెంట్‌కి మెయిల్ పెట్టండి. నోటిమాట చాలదు. రికార్డర్ నిండితే పాత వీడియో చెరిగిపోతుంది. కారు కదపకముందే సొట్ట, గేటు అంచుకు అంటిన పెయింటు, పక్కనున్న సెన్సర్ కన్ను (కారు అడ్డుందని గేటుకు చెప్పేది) అన్నీ కనబడేలా ఫోటో తీయండి. ఆ కన్ను దుమ్ముపట్టి ఉంటే దగ్గరగా ఇంకొకటి. గేటు సర్వీసు రికార్డు, పాత ఫిర్యాదులూ అడగండి, అసలు బలం అక్కడే ఉంటుంది. ముందు కారు వెనకాలే గేటు మూసుకునేలోపు దూరిపోయి ఉంటే మాత్రం, నిజం చెప్పాలంటే, మీ వాదన నీరుగారినట్టే. సొంత ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ వేసేముందు, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఎంత పోతుందో రిపేరు ఎస్టిమేట్‌తో పోల్చి చూసుకోండి.