పాత ఫ్రిజ్ కంప్రెసర్, లారీ ట్యాంకుతో ఇంట్లోనే గాలి మిషన్

పాడైన ఫ్రిజ్‌ను పాత సామాన్లవాడికి తూకానికి వేసేముందు వెనక కింద ఉండే నల్లకుండను, అంటే కంప్రెసర్‌ను, ఒకసారి చూడండి. చాలాసార్లు పోయేది గ్యాసు లైనో, థర్మోస్టాటో. కంప్రెసర్ బాగానే ఉంటుంది. దాంతో పెద్దగా చప్పుడు చేయని గాలి మిషన్ కట్టొచ్చు. కానీ దాని సత్తా ఎంతో ముందే తెలుసుకోవాలి. చిన్న ఫ్రిజ్ కంప్రెసర్ నిమిషానికి పది పన్నెండు లీటర్ల గాలి ఇస్తే గొప్ప. 25 లీటర్ల ట్యాంకును 7 బార్‌కి, అంటే పంక్చర్ షాపు లెక్కలో 100 పౌండ్లకి నింపాలంటే 175 లీటర్ల గాలి కావాలి, పావుగంట పడుతుంది. టైర్లకి, కార్బురేటర్ జెట్లు ఊదడానికి, ఎయిర్ బ్రష్‌కి ఇది చాలు. తలుపులకి స్ప్రే పెయింట్, నట్లు విప్పే ఇంపాక్ట్ గన్ దీని వల్ల కావు.

ముందు కంప్రెసర్ పరీక్ష. పక్కన మూడు పిన్నులుంటాయి. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి రెండేసి పిన్నుల మధ్య కొలవండి. ఉదాహరణకి 15, 20, 35 వచ్చాయనుకోండి. 35 చూపిన జత స్టార్ట్, రన్ పిన్నులు. మిగిలింది కామన్. కామన్ నుంచి తక్కువ చూపేది రన్. మూడు కొలతలూ ఒకటే వస్తే అది ఇన్వర్టర్ కంప్రెసర్, దాని బోర్డు లేకుండా తిరగదు. ఏ పిన్నుకైనా బాడీతో కంటిన్యుటీ ఉంటే, అంటే కరెంటు దారి కలిసి ఉంటే, అది పాత ఇనుము కిందే లెక్క. మోటారుని లేపే రిలే, ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ ఆ ఫ్రిజ్‌వే తీసి దాచుకోండి.

లేబుల్ మీద ఆర్600ఏ అని ఉంటే లోపలున్నది ఐసోబ్యూటేన్, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఏ గ్యాసైనా ఫ్రిజ్ మెకానిక్ చేత తీయించాకే పైపులు కోయాలి. మంట పెట్టి ఊడదీయొద్దు. హాక్సా కూడా వద్దు. రాగి పొట్టు లోపలికి పోయి వాల్వు రీడు (పలచటి రేకు మూత) కింద ఇరుక్కుంటే ఇక ప్రెషర్ ఎక్కదు. ట్యూబ్ కట్టర్ వాడండి.

మూడు పైపుల్లో సన్నగా ఉండేది సాధారణంగా డిశ్చార్జి. రెండు సెకన్లు కరెంటిచ్చి చూడండి, వేలిని తోసేది అదే. మిగిలిన రెండూ కుండలోకే తెరుచుకుంటాయి. ఒకటి నొక్కి మూసేసి, రెండోదానికి బైక్ పెట్రోల్ ఫిల్టర్ తగిలించండి. కుండను వంచి, లోపలి పాత ఆయిల్‌ని ఒక సీసాలోకి తీసి కొలవండి. సాధారణంగా 200 నుంచి 300 మిల్లీలీటర్ల మధ్య వస్తుంది. అంతే కొలతలో వీజీ 32 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) ఎయిర్ కంప్రెసర్ ఆయిల్ ఫిల్టర్ పెట్టే పైపులోంచే పోయండి.

ట్యాంకు విషయంలో పొదుపు పనికిరాదు. వంటగ్యాసు సిలిండర్ ఆయిల్ కంపెనీల సొత్తు, దాన్ని ముట్టుకోకూడదు. వాడి పారేసే ఏసీ గ్యాసు డబ్బా రేకు పలచన. పీవీసీ పైపు పగిలితే ముక్కలు కత్తుల్లా లేస్తాయి. సరైనది లారీ ఎయిర్ బ్రేకు ట్యాంకు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత లారీ సామాన్ల కొట్లలో అడగండి. సొట్ట, అతుకు వెల్డింగ్, అడుగున గుల్ల తుప్పు ఉంటే వదిలేయండి. నోళ్లు తరచుగా ఎం22 (22 మిల్లీమీటర్ల) మరలతో ఉంటాయి కాబట్టి పావు అంగుళానికి మార్చే అడాప్టర్లూ అక్కడే కొనుక్కోండి. తెచ్చాక నీళ్లతో పరీక్ష తప్పనిసరి. గాలి బుడగ లేకుండా నిండా నీళ్లు నింపి, ప్లంబర్ల టెస్ట్ పంపుతో 12 బార్‌కి ఎక్కించి అరగంట ఉంచండి. నీళ్లయితే ట్యాంకు చీలినా కారుతుందంతే. ఈ పరీక్ష గాలితో చేస్తే అదే బాంబు.

బిగించే వరస: కంప్రెసర్, మీటరున్నర రాగి చుట్ట, ఆయిల్, నీరు పట్టే ట్రాప్, గాలిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు, ట్యాంకు. 8 బార్ సేఫ్టీ వాల్వు నేరుగా ట్యాంకుకే ఉండాలి, మధ్యలో ఏ కుళాయీ రాకూడదు. గేజి, ప్రెషర్ స్విచ్ కూడా ట్యాంకు మీదే. 5 బార్ దగ్గర ఆన్, 7 దగ్గర ఆఫ్ అయ్యేలా స్విచ్ తిప్పండి. ఫేజు వైరు దాని గుండా పోవాలి, కుండకీ ట్యాంకుకీ ఎర్త్ ఇవ్వాలి.

ఎక్కువమంది బోల్తా పడేది ఆ తరవాతే. మొదటిసారి చక్కగా నిండుతుంది, ఆగుతుంది. రెండోసారి ఆన్ అయినప్పుడు 'హుమ్‌మ్' అని మూలిగి, 'టక్'మని ఓవర్‌లోడ్ కొట్టేస్తుంది. మోటారు కాలిందనుకుని కంప్రెసర్ మార్చేస్తారు. కాలలేదు. ఫ్రిజ్‌లో ఆగిన కాసేపటికి రెండు వైపులా ప్రెషర్ సమానమవుతుంది. ఆ మోటారుకి ఎదురు ప్రెషర్ మీద లేచే బలం ఇవ్వలేదు. అందుకే అన్‌లోడర్ (ఆగగానే పైపులో మిగిలిన ప్రెషర్‌ని వదిలేసేది) ఉన్న ప్రెషర్ స్విచ్చే కొనాలి. దాని సన్న పైపుని నాన్ రిటర్న్ వాల్వుకి ముందు, కంప్రెసర్ వైపు కలపాలి. మిషన్ ఆగగానే 'తుస్స్' అని రెండు సెకన్లు వినిపించాలి. ఆ తుస్సు ఆగకుండా వస్తుంటే నాన్ రిటర్న్ వాల్వు కారుతోందని అర్థం. రిలేలో పీటీసీ బిళ్ల (వేడెక్కితే కరెంటుని అడ్డుకునేది) ఉంటే అది చల్లారడానికి కూడా నాలుగైదు నిమిషాలు కావాలి.

వేడి రెండో శత్రువు. ఫ్రిజ్‌లో చల్లగా తిరిగొచ్చే గ్యాసే మోటారుని చల్లార్చేది. ఇప్పుడు పీల్చేది మన వేసవి గాలి. పక్కన ఫ్యాను పెట్టి, పావుగంట నడిస్తే పావుగంట ఆపండి. ట్రాప్‌లో చేరిన ఆయిల్ ఎంతో చూసి అంతే కొత్తది పోస్తుండండి. గాలిలో ఆయిల్ ఆవిరి ఉంటుంది కాబట్టి తిండి సామాన్ల మీద, అక్వేరియంలోకి కొట్టకండి.

ట్యాంకు అడుగున డ్రెయిన్ కుళాయి ఉండాల్సిందే. కోస్తా ఉక్కపోతలో ట్యాంకు ఆరుసార్లు నిండితే దాదాపు నాలుగు టీస్పూన్ల నీళ్లు దిగుతాయి. పని అయ్యాక రోజూ వదలండి. ఆయిల్ కలిసి పాలలా వస్తే మామూలే. ఎర్రటి తుప్పు పెళ్లలు రావడం మొదలైతే ట్యాంకు మార్చేయండి.