కోరింగ మడ అడవుల్లో విద్యార్థులతో పటాల తయారీకి ముందు జాగ్రత్తలు

కాకినాడ సమీపంలోని కోరింగ అభయారణ్యంలో నీటిపిల్లి (చేపలు పట్టి తినే అడవి పిల్లి, ఫిషింగ్ క్యాట్) జాడలను పటం కోసం నమోదు చేయడానికి విద్యార్థులను తీసుకువెళ్లే మార్గదర్శకులు బయలుదేరే ముందు కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

• అటవీ శాఖ రాతపూర్వక అనుమతి చేతికి అందిన తరువాతే తేదీ ఖరారు చేయండి.

• ఆ రోజు ఆటుపోట్ల వేళలు తెలుసుకుని, పడవ నడిపే మత్స్యకారుల సలహా ప్రకారమే దారి నిర్ణయించండి.

• అన్ని ఫోన్లలోనూ స్థానం డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే అక్షాంశ రేఖాంశాల ప్రమాణం) పద్ధతిలో, దశాంశ డిగ్రీలలో నమోదవుతోందో లేదో స్వయంగా చూడండి. దశాంశ బిందువు తరువాత నాలుగో అంకె సుమారు 11 మీటర్ల తేడాను సూచిస్తుంది కనుక, రెండు అంకెలతో ఆపేస్తే కాలువ ఏ గట్టున అడుగుజాడ కనిపించిందో చెప్పలేము. దట్టమైన ఆకుల కింద జీపీఎస్ తప్పవచ్చు; అందువల్ల ఫోన్ చూపే దోష పరిమితిని (స్థానం ఎన్ని మీటర్ల వరకు తప్పవచ్చో) కూడా రాయించండి. దూరాలు, విస్తీర్ణాలు లెక్కించేటప్పుడు పటాలు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో స్థానాలను యూటీఎం (మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర మండలానికి మార్చాలని ముందే నేర్పండి.

• జాడ కనిపించని చోట్లను కూడా నమోదు చేయించండి. కొత్తవారు వీటిని వైఫల్యంగా భావించి వదిలేస్తారు. నిజానికి వెతికిన చోటేదో తెలియకపోతే పటానికి అర్థమే ఉండదు.

• అన్నిటికన్నా ముఖ్యమైనది గోప్యత. నీటిపిల్లి సంచరించే కచ్చితమైన స్థానం వేటగాళ్లకు చేరకుండా, బహిరంగ పటంలో పెద్ద గడులుగా మాత్రమే చూపాలనీ, ఫోటోలలో దాగి ఉండే స్థాన వివరాలను తొలగించాకే పంచుకోవాలనీ విద్యార్థులను ముందుగానే ఒప్పించండి.

• పటంపై ఎవరి పేర్లు ఉంటాయో మొదటి రోజే రాసిపెట్టండి.