గండికోటలో పున్నమి ఫొటోలకు వెళ్తున్నారా?

కార్తీకంలోనో మార్గశిరంలోనో పున్నమికి గండికోట పోదామనుకునేవాళ్లకు ముందే ఒక మాట. ఆ రాత్రి పాలపుంత దొరకదు, వెన్నెల దాన్ని మింగేస్తుంది. అది కావాలంటే అమావాస్య చూసుకోండి. పున్నమికి దొరికేది వేరు: కోట గోడలు, పెన్నా లోయ, పైన నీలంగా తేలే ఆకాశం, అందులో ఒరాయన్ లాంటి పెద్ద చుక్కల గుంపులు.

అసలు భయం చీకటితో కాదు, వెలుతురుతోనే. అంతా కనిపిస్తున్నట్టే ఉంటుంది, లోతు మాత్రం తెలియదు. లోయ అంచున బండల మధ్య నల్లగా కనిపించేది నీడో, సందో చెప్పలేం. నేనొకసారి నీడే కదా అని కాలు పెట్టబోయి, ఎందుకో టార్చి వేసి చూశాను. కింద నేల లేదు! అప్పటినుంచి ట్రైపాడ్ చోటు పగలే చూసుకుని సున్నంతో గుర్తు పెట్టుకుంటున్నా. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి జరగడం మాత్రం వద్దే వద్దు. అంచున చాలాచోట్ల కంచె ఉండదు.

నడిచేటప్పుడు తెల్ల టార్చి, కాళ్లకు బూట్లు. రాళ్లలో తేళ్లుంటాయి, రక్తపింజరి ఉండొచ్చు. కరిస్తే కట్లు కట్టడాలు, కోయడాలు వద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. ఫోన్ చార్జింగంతా ఫొటోలకే అయిపోకుండా చూసుకోండి. కోట లోపల రాత్రి ఉండనిస్తారో లేదో పగలే అడగండి.

కెమెరాతోనూ ఇదే మోసం. చీకట్లో స్క్రీన్ వెలిగిపోతుంటే ఫొటో బ్రహ్మాండంగా వచ్చిందనిపిస్తుంది, ఇంటికొచ్చి చూస్తే మసి. స్క్రీన్ వెలుగు తగ్గించి, హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు పాళ్లు చూపే గ్రాఫ్) చూసుకోండి. నిండు వెన్నెలకు ఎఫ్/4 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో), ఐఎస్ఓ 800 (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో), షటర్ 15 సెకన్లతో మొదలుపెట్టండి. 24 ఎంఎం లెన్స్‌తో 20 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. ఫోకస్ చంద్రుడి మీదే పెట్టి మాన్యువల్‌కు మార్చేయండి, తర్వాత రింగ్ ముట్టుకోవద్దు. చంద్రుడిని వెనక పెట్టుకుంటే ఆకాశం చక్కగా వస్తుంది. చంద్రుడినే తీయాలంటే లెక్క వేరు: ఎఫ్/11, ఐఎస్ఓ 100, సెకనులో వందో వంతు.

గోడల గరుకుదనం కావాలంటే తొమ్మిదిలోపు తీయాలి, అప్పుడు వెలుగు ఏటవాలుగా పడుతుంది. లోయ అడుగున నీళ్లు కావాలంటే అర్ధరాత్రి దాకా ఆగాలి. ఈ నెలల్లో పున్నమి చంద్రుడు దాదాపు నడినెత్తికి వస్తాడు.

ఈ లోపల లెన్స్ మీద మంచు పడుతుంది. నాలుగు ఫొటోలకొకసారి చూసి మెత్తని గుడ్డతో అద్దండి. గాలి లేస్తే ట్రైపాడ్ కాళ్లు కురచ చేయండి.

జమ్మలమడుగు 15 కిలోమీటర్లే కదా అని నిద్రకళ్లతో బండి తీయకండి. గండికోటలోనే పడుకుని తెల్లారాక బయల్దేరండి. గది ముందే చెప్పిపెట్టుకోండి, పున్నమి శని ఆదివారాల్లో పడితే దొరకడం కష్టం.