తత్వశాస్త్రం మనంతట మనం – 4వ పాఠం: నిర్వచనాన్ని విరగ్గొట్టడం

కిందటిసారి ‘తెలుసు’ అనే మాటను మూడు షరతులుగా విడదీశాం: నేను నమ్మాలి, అది నిజం కావాలి, నమ్మడానికి సరైన ఆధారం ఉండాలి. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ‘ప్లేటో నాటి ప్రశ్నలే ఇంకా నడుస్తున్నాయి, ఇందులో కదిలిందేముంది?’ అని అడిగేవాళ్లకు జవాబు ఈ రోజు పనిలోనే దొరకాలి.

జూన్ నెల. వేసవిలో కట్టేసిన కాలువలకు ఇంకా నీళ్లు రాలేదు. అమలాపురం దగ్గర ఊళ్లో ఒక రైతు అత్తారింటి నుంచి పొద్దున్నే దిగి గట్టు మీద నిలబడ్డాడు. కాలువలో నీళ్లు! ‘ధవళేశ్వరంలో వదిలేశారు, ఆకుమడి తడుపుకోవచ్చు’ అనుకున్నాడు. ఆయన చూసింది రాత్రి కురిసిన వాన నీరు. ధవళేశ్వరంలో ముందురోజు నిజంగానే నీళ్లు వదిలారు కానీ, అవి ఇంకా ఈ ఊరి లాకుల దాకా రాలేదు. నమ్మాడు, నిజమే అయింది, ఆధారమూ ఉంది. మరి ఆయనకు తెలుసా?

తెలియదు, కలిసొచ్చిందంతే. నిర్వచనం పోయింది.

1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ తత్వవేత్త మూడే పేజీల వ్యాసంలో చేసింది ఈ పనే. ఆ తర్వాత నాలుగో షరతు కోసం ఎందరో ప్రయత్నించారు, అందరూ ఒప్పుకున్నది మాత్రం ఏదీ లేదు. కానీ ఆ మూడు షరతులే చాలని ఇప్పుడు ఎవరైనా అంటే, ముందు ఆ రైతు సంగతి తేల్చాలి. నా లెక్కలో కదలిక అంటే ఇదే.

కదలికకు ఏకాభిప్రాయమే కొలత అనేవాళ్లకు ఇది చాలదు. వాళ్ల పక్షానా బలముంది. కారణాలకు కట్టుబడిన లోకంలోనూ స్వేచ్ఛాసంకల్పం ఉండొచ్చా అని తత్వవేత్తలను 2009లో అడిగితే సుమారు 59 శాతం మంది ఉండొచ్చనే వైపు మొగ్గారు. 2020లో మళ్లీ అడిగితే దాదాపు అంతే, ఏకాభిప్రాయం దగ్గరపడలేదు.

నాకు అంతకన్నా ఇబ్బందిగా ఉండేది ధర్మోత్తరుడి ఉదాహరణ. 8వ శతాబ్దపు ఈ బౌద్ధ పండితుడు అప్పుడే చెప్పాడు: ఎండమావిని చూసి నీళ్లనుకుని వెళ్లినవాడికి అక్కడే రాతి కింద నిజంగా నీళ్లు దొరికాయి. అదే దెబ్బ, దాదాపు పన్నెండు వందల ఏళ్ల ముందు. ఒకచోట తేలింది ఇంకోచోటికి అందకపోతే దాన్ని ముందడుగు అనాలా? సగం మార్కులే వేస్తాను.

ఇక అభ్యాసం. ‘నమ్మకానికి వచ్చే దారిలో అబద్ధం ఉండకూడదు’ అని నాలుగో షరతు చేర్చండి. రైతు కథకు అడ్డు పడుతుంది. ఇప్పుడు మీ ఊరి మనుషులతో, ఈ నాలుగునూ దాటే కథ ఒకటి రాయండి. దారి చెబుతాను: అబద్ధం ఏదీ నమ్మకుండానే కలిసొచ్చినవాడి కోసం వెతకండి.